బ్రౌన్ సౌండ్ కోసం: మార్షల్ సూపర్ లీడ్‌ను తక్కువ వోల్టేజీ మీద నడిపే పద్ధతి

1978 ఫిబ్రవరిలో వాన్ హేలెన్ బృందం తొలి ఆల్బమ్ వెలువడింది. అందులో ఎడ్డీ వాన్ హేలెన్ గిటారు పలికిన నాదాన్ని గిటారిస్టులు ‘బ్రౌన్ సౌండ్’ అని పిలుచుకుంటారు. డిస్టార్షన్ (నాదం చీలి గరగరలాడటం) నిండుగా ఉన్నా కార్డులోని (ఒకేసారి మోగించే స్వరాల గుంపులోని) ఒక్కొక్క స్వరం విడిగా వినిపించడం, పిక్ తగిలిన క్షణంలో స్వరం కాస్త అణిగి వెంటనే ఉబికి రావడం, పై స్థాయిలో (ట్రెబుల్‌లో) మెరుపు ఉన్నా చెవిని గుచ్చకపోవడం దాని ప్రధాన లక్షణాలు. దీన్ని అందుకోవాలని బయలుదేరిన వారిలో ఎక్కువ మంది ముందుగా పట్టుకునేది ‘90 వోల్టులు’ అన్న అంకెను, అంటే తన మార్షల్ సూపర్ లీడ్ యాంప్‌ను నడిపానని ఎడ్డీ చెప్పిన తక్కువ వోల్టేజీని. నా దృష్టిలో అది చివరి మెట్లలో ఒకటి. గిటారు, స్పీకరు, వాల్యూమ్, బయాస్ (పవర్ ట్యూబులు ఊరికే ఉన్నప్పుడు లాగే కరెంటు అమరిక) కుదిరిన తర్వాత వోల్టేజీ తగ్గిస్తే ఫలితం ఉంటుంది. అవి కుదరకముందే తగ్గిస్తే నీరసపడిన యాంప్ ఒకటి చేతిలో మిగులుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పనులన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. ఈ యాంప్‌లో ట్యూబుల ప్లేట్ల మీద 450 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. స్విచ్ ఆపి ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉండవచ్చు. ట్యూబు పరికరాలు విప్పి పనిచేసిన అనుభవం లేనివారు చాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) తెరవకూడదు. బయాస్ సరిచేసే పనిని తెలిసిన టెక్నీషియన్‌కు అప్పగించి, పక్కన నిలబడి చూడటం మంచిది.

ఆ యాంప్ ఏమిటి, ఆ కథ ఏమిటి

మార్షల్ సూపర్ లీడ్ మోడల్ సంఖ్య 1959. అది తయారైన సంవత్సరం కాదు. లండన్‌లో వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్, ఆయన సహచరులు 1962లో అమెరికన్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని తొలి యాంప్ తయారుచేశారు. ఇంకా పెద్ద శబ్దం కావాలని ద హూ వంటి బృందాలు పట్టుబట్టడంతో 1960ల నడుమ వంద వాట్ల నమూనాలు వచ్చాయి. 1969 నడిమి వరకు ముందు పలక ప్లెక్సీగ్లాస్‌తో ఉండేది కాబట్టి ఆ కాలపు యాంప్‌లకు ‘ప్లెక్సీ’ అన్న పేరు స్థిరపడింది. కాలిఫోర్నియాలోని పాసడీనాలో పెరిగిన ఎడ్డీ చేతికి వచ్చినది 1960ల చివరి నాటి సూపర్ లీడ్.

దీంట్లో మూడు ఈసీసీ83 ప్రీయాంప్ ట్యూబులు (అమెరికన్ పేరు 12ఏఎక్స్7), నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు ఉంటాయి. మాస్టర్ వాల్యూమ్ ఉండదు. వాల్యూమ్ తిప్పినకొద్దీ ప్రీయాంప్, ఫేజ్ ఇన్వర్టర్, పవర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు అన్నీ కలిసి ఒత్తిడికి లోనవుతాయి. మనం వెతుకుతున్న నాదం ఆ సమష్టి ఒత్తిడిలోంచి పుట్టినది. పెడల్‌తో ముందు భాగంలో మాత్రమే డిస్టార్షన్ పుట్టించి, పవర్ ట్యూబులను నిద్రపుచ్చి వాయిస్తే ఆ స్పర్శ రాదు.

వోల్టేజీ సంగతికి వద్దాం. ఎడ్డీ చెప్పిన ప్రకారం, ఇంగ్లండ్ నుంచి వచ్చిన 220 వోల్టుల మార్షల్ ఒకదాన్ని తెలియక అమెరికాలోని సుమారు 110 వోల్టుల సాకెట్‌కు తగిలించారు. మొదట శబ్దమే రాలేదు. మోసపోయాననుకుని వదిలేసి, తర్వాత తిరిగి వచ్చి వాయిస్తే పూర్తి వాల్యూమ్‌లో ఉన్న నాదమే చాలా చిన్న శబ్దంతో వినిపించింది. అక్కడి నుంచి ఇంటి లైట్ డిమ్మర్‌తో ప్రయోగం చేసి షార్ట్ సర్క్యూట్ తెచ్చుకుని, చివరికి వేరియాక్ (నాబ్ తిప్పి మెయిన్స్ వోల్టేజీని హెచ్చించే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) కొనుక్కున్నారు. అయితే తొలినాళ్ల ఇంటర్వ్యూల్లో వోల్టేజీని పెంచుతానని ఆయన చెప్పారు. తర్వాతి కాలంలో మాత్రం సుమారు 90కి తగ్గించేవాడినని చెప్పారు. పాత మాటను నమ్మి వేరియాక్‌ను పైకి తిప్పడం ట్యూబులను, కెపాసిటర్లను, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒకేసారి పణంగా పెట్టడమే. ఈ మార్గదర్శిలో వోల్టేజీ ఎక్కడా మెయిన్స్ స్థాయిని దాటదు.

మొదటి మెట్టు: చెవిని సిద్ధం చేసుకోవడం

ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్లతో వినండి. కొంతసేపటి తర్వాత కుడి చెవి హెడ్‌ఫోన్ తీసేసి, ఎడమ చెవితోనే వినండి. చాలా పాటల్లో గిటారు దాదాపుగా ఎడమ వైపుకే పరిమితమై ఉంటుంది. కుడి వైపున దాని రెవర్బ్ ఉంటుంది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజనీర్ డాన్ లాండీ కలిసి హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో చేసిన అమరిక అది. రెండు చెవులతో విన్నప్పుడు అనిపించే ఆ విశాలతలో సగం గది ఇచ్చినదే. ఎడమ చెవితో విన్నప్పుడు తెలిసే నాదం మనం ఊహించుకున్న దానికంటే పొడిగా, తక్కువ డిస్టార్షన్‌తో ఉంటుంది. మనం యాంప్‌లో వెతకవలసినది ఆ పొడి నాదాన్ని. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే చాలామంది గెయిన్‌ను (డిస్టార్షన్ మోతాదును) అవసరానికి రెట్టింపు పెడతారు.

మరో విషయం: ఆల్బమ్‌లో గిటారు శ్రుతి సాధారణ శ్రుతి కంటే దాదాపు అర స్వరం కిందికి ఉంటుంది. మీ తీగలను కూడా ఈ-ఫ్లాట్‌కు దించండి. తీగ బిగువు తగ్గడంతో మీటు దెబ్బకు అది ఎక్కువగా ఊగుతుంది. నాదంలో ఆ మెత్తదనానికి ఇదీ ఒక కారణం.

రెండవ మెట్టు: గిటారు, చేతులు

ఎడ్డీ తానే కూర్చుకున్న గిటారు స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉండేది. బ్రిడ్జి దగ్గర గిబ్సన్ పీఏఎఫ్ తరహా హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) ఒక్కటే పనిచేసేది, నియంత్రణకు వాల్యూమ్ నాబ్ ఒక్కటే. దీనికి దగ్గరగా వెళ్లాలంటే ఖరీదైన గిటారు అక్కరలేదు. బ్రిడ్జి హంబకర్ డీసీ నిరోధం 8 కిలో ఓములకు అటూ ఇటూ ఉన్న, మరీ ‘హాట్’ కాని పికప్ చాలు. ఎక్కువ చుట్లు చుట్టిన అధిక అవుట్‌పుట్ పికప్‌లు ఈ యాంప్ ముందు భాగాన్ని బురదగా మారుస్తాయి. కార్డులో స్వరాల విడివిడితనం ముందుగా పోయేది అక్కడే.

పికప్‌ను మైనంలో ముంచి గట్టిపరచడం అవసరం. యాంప్ పూర్తి వాల్యూమ్‌లో ఉన్నప్పుడు, వదులుగా ఉన్న కాయిల్ చుట్లు కంపించి మైక్రోఫోన్‌లా పనిచేసి కీచుమంటాయి. ఎడ్డీ తన పికప్‌ను పారఫిన్ మైనంలో ముంచినది ఇందుకే. ఇప్పుడు అమ్మే పికప్‌లలో చాలావరకు ఈ పని చేసే వస్తాయి. చేయనిది దొరికితే ఇంట్లో మైనం కరిగించి ప్రయోగాలు చేసే బదులు పికప్‌లు చుట్టేవారి చేత చేయించండి. వేడి ఎక్కువైతే బాబిన్ వంకర పోతుంది.

టోన్ నాబ్‌ను సర్క్యూట్ నుంచి తీసేయగలిగితే తీసేయండి. 500 కిలో ఓముల వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే మారే నిరోధం) ఒక్కటే ఉన్నప్పుడు పికప్ మీద భారం తగ్గి పై స్థాయిలు కాస్త తెరుచుకుంటాయి. తీగలు 009 సెట్టుతో (అతి సన్నని తీగ 0.009 అంగుళాలది) మొదలుపెట్టండి. పిక్‌ను బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకోవడం ఎడ్డీ అలవాటు. చూపుడువేలు ట్యాపింగ్‌కు (మీటే చేతి వేలితో తీగను ఫ్రెట్ మీద తట్టడానికి) ఖాళీగా ఉండటం దాని ప్రయోజనం. మణికట్టు వదులుగా ఉండి దెబ్బ తేలికగా పడటం అంతకంటే పెద్ద లాభం. గట్టిగా బాదేవారి చేతిలో ఈ నాదం పలకదు. డిస్టార్షన్ తగ్గించుకోవాలంటే యాంప్ దగ్గరికి వెళ్లకుండా గిటారు వాల్యూమ్‌ను 6 లేదా 7కు దించి చూడండి; సరిగ్గా అమర్చిన సూపర్ లీడ్ వెంటనే శుభ్రపడుతుంది. అలా శుభ్రపడకపోతే ఎక్కడో గెయిన్ ఎక్కువైందని అర్థం.

మూడవ మెట్టు: యాంప్, స్పీకరు ఎంపిక

పాత ప్లెక్సీ దొరకడం కష్టం, దొరికినా ధర అందదు. మార్షల్ తానే తిరిగి తయారుచేసిన 1959 నమూనాలు ఉన్నాయి. 2019లో వచ్చిన ఎస్‌వీ20హెచ్ అదే స్వభావాన్ని రెండు ఈఎల్34లతో 20 వాట్లలో, మరో స్విచ్ మీద 5 వాట్లలో ఇస్తుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవారికి నేను సూచించేది ఇదే. అయినా పూర్తిగా తిప్పితే 20 వాట్లూ పక్కింటివారి ఓర్పును పరీక్షిస్తాయని మర్చిపోవద్దు. 1970లలో అమెరికాలో అమ్ముడైన మార్షల్‌లలో చాలావాటికి ఈఎల్34 బదులు 6550 ట్యూబులు వచ్చేవి. పాత యాంప్ కొంటున్నట్లయితే లోపల ఏ ట్యూబులున్నాయో, బయాస్ సర్క్యూట్ వేటికి అమరి ఉందో ముందుగా చూసుకోండి.

స్పీకరుకు ఇవ్వవలసిన ప్రాధాన్యం సాధారణంగా ఇవ్వరు. ఎడ్డీ క్యాబినెట్లలో సెలెస్టియన్ జీ12ఎం, అంటే ‘గ్రీన్‌బ్యాక్’, ప్రధానమైనది. జేబీఎల్ స్పీకర్లు కూడా వాడేవారు. గ్రీన్‌బ్యాక్ ఒక్కొక్కటి 25 వాట్లదే. ఒత్తిడి పడ్డప్పుడు దాని కోన్ తానే కొంత అణచివేతను, మధ్య స్థాయిలో కొంత గరుకుదనాన్ని జోడిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాలుగు గ్రీన్‌బ్యాక్‌ల క్యాబినెట్ సామర్థ్యం కాగితం మీద 100 వాట్లు. అయితే వంద వాట్ల సూపర్ లీడ్‌ను పూర్తిగా తిప్పితే అది వంద వాట్లకు చాలా పైగా ఇవ్వగలదు. కాబట్టి ఇలాంటి క్యాబినెట్లు రెండు ఉండాలి, లేదా 20 వాట్ల యాంప్‌తో ఒకటి వాడాలి.

ఓముల లెక్క తప్పకూడదు. ఒక్క క్యాబినెట్ మాత్రమే తగిలించినప్పుడు, 16 ఓములదాన్ని యాంప్ వెనుక 16 ఓముల స్థానానికే కలపాలి. గిటారు షీల్డెడ్ కేబుల్‌ను స్పీకరుకు వాడకూడదు. స్పీకరు గాని, లోడ్ (స్పీకరు బదులు యాంప్ శక్తిని మింగే పెట్టె) గాని తగిలించకుండా ఈ యాంప్‌ను ఒక్క క్షణం కూడా వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టే ఎదురు వోల్టేజీ ట్యూబు సాకెట్ల దగ్గర మెరుపై, ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చివేయగలదు.

నాలుగవ మెట్టు: పూర్తి మెయిన్స్ వోల్టేజీ మీద, పూర్తి వాల్యూమ్

వేరియాక్ ఇంకా తగిలించకండి. యాంప్‌ను నేరుగా సాకెట్‌కు కలిపి, స్టాండ్‌బైలో (ట్యూబులు వేడెక్కుతూ శబ్దం రాని స్థితిలో) ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చెవులకు రక్షణ పెట్టుకుని, మొదటి చానెల్ హై ఇన్‌పుట్‌లో గిటారు కలపండి.

వాల్యూమ్‌ను 3 దగ్గర ఉంచి వాయిస్తే ఈ యాంప్ భరించలేనంత పదునుగా, రేకు డబ్బా కొట్టినట్లు వినిపిస్తుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి ట్రెబుల్ తగ్గించడం మొదలుపెడతారు. కారణం వేరే. మొదటి చానెల్ వాల్యూమ్ పాట్ మీద 5000 పికోఫారడ్ల బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు పై స్థాయిలు మాత్రం దాని గుండా పక్కదారిన దూసుకుపోతాయి. పాట్ చివరి దాకా తిరిగినప్పుడు దాటడానికి నిరోధమే ఉండదు కాబట్టి ఆ కెపాసిటర్‌కు పని ఉండదు, నాదం నిండుగా మారుతుంది. ఈ యాంప్ స్వభావాన్ని తక్కువ వాల్యూమ్‌లో విని తీర్పు చెప్పకూడదు. తక్కువలోనే వాయించక తప్పనివారు ఆ కెపాసిటర్‌ను టెక్నీషియన్ చేత తీయించడమో, చిన్న విలువకు మార్పించడమో చేసుకోవచ్చు.

క్రమంగా వాల్యూమ్‌ను 5కు, 8కి, చివరికి 10కి తీసుకెళ్లండి. 6 దాటిన తర్వాత శబ్దం పెద్దగా పెరగదు. డిస్టార్షన్, అణచివేత పెరుగుతాయి. నాబులన్నీ చివరి దాకా తిప్పేవాడినని ఎడ్డీ చెప్పేవారు. ఈ టోన్ సర్క్యూట్‌లో మూడు నాబులూ పది మీద ఉంటే మధ్య స్థాయిలు బాగా ముందుకు వస్తాయి, కాబట్టి ఆ మాట వినడానికి ఉన్నంత వింతైనది కాదు. మీ గదిలో కింది తీగ బుసకొడుతూ ఉంటే బాస్‌ను 3 లేదా 4కు దించండి. ప్రెజెన్స్ నాబ్ పవర్ విభాగంలోని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ మీద పనిచేస్తుంది. పవర్ ట్యూబులు పూర్తిగా నిండిపోయాక ఆ ఫీడ్‌బ్యాక్‌కు పట్టు తగ్గుతుంది, దాంతోపాటే ఆ నాబ్ ప్రభావమూ తగ్గుతుంది. అది తిప్పినా తేడా తెలియడం లేదంటే కంగారు పడనవసరం లేదు.

ఈ దశలో నాదం ఎనభై శాతం దగ్గరికి రావాలి. రాకపోతే ముందుకు వెళ్లవద్దు. పికప్, స్పీకరు, ట్యూబుల పరిస్థితి మళ్లీ చూసుకోండి.

ఐదవ మెట్టు: బయాస్

పవర్ ట్యూబులు ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతున్నాయో నిర్ణయించేది బయాస్. ఈఎల్34 ప్లేటు గరిష్ఠంగా భరించగలిగే వేడి 25 వాట్లు. ఈ తరహా యాంప్‌కు దానిలో 70 శాతం, అంటే 17.5 వాట్లు, పై హద్దుగా పెట్టుకోవడం వాడుక. ప్లేటు వోల్టేజీ 470 అనుకుంటే 17.5ను 470తో భాగించాలి; ట్యూబుకు సుమారు 37 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ట్యూబుకూ సాకెట్‌కూ మధ్య అమరే బయాస్ ప్రోబ్‌తో ఈ కొలత చాసిస్ తెరవకుండానే తీసుకోవచ్చు. ప్రోబ్ చూపేది క్యాథోడ్ కరెంటు; అందులో స్క్రీన్ కరెంటు కొన్ని మిల్లీ ఆంపియర్లు కలిసి ఉంటుంది కాబట్టి అసలు ప్లేటు కరెంటు కొంచెం తక్కువే.

కొలుస్తున్నప్పుడు గది దీపం ఆర్పి ట్యూబుల వెనుక నుంచి చూడండి. గాజు లోపలి గోడ మీద నీలిరంగు కాంతి కనబడి, కార్డు వాయించినప్పుడల్లా అది కదులుతూ ఉంటే భయపడవద్దు. అది హాని లేనిది. మధ్యలో నారింజ రంగులో వెలిగేది హీటరు. ఈ రెండూ కాక, బూడిద రంగు ప్లేటు మీద అతుకు దగ్గర మందారం రంగులో మచ్చ మొదలై విస్తరిస్తూ ఉంటే, అది ట్యూబు కాలిపోతున్న సూచన. ఆలోచించకుండా యాంప్ ఆపేయండి.

నాలుగు ట్యూబుల మధ్య తేడా నాలుగైదు మిల్లీ ఆంపియర్లకు మించకపోతే మేలు. మనకు కావలసింది మరీ చల్లని బయాస్ (కరెంటు మరీ తక్కువగా పెట్టినది) కాదు. చల్లగా ఉంటే స్వరం తోక చివర చిరిగినట్లు గరుకుగా వినిపిస్తుంది.

ఆరవ మెట్టు: వోల్టేజీ తగ్గించడం

మన దగ్గర వేరియాక్‌ను ఎలక్ట్రికల్ దుకాణాల్లో డిమ్మర్‌స్టాట్ అని అడిగితే త్వరగా అర్థమవుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఉండేదీ అదే. వంద వాట్ల యాంప్‌కు 230 వోల్టుల మీద కనీసం 4 ఆంపియర్లదాన్ని తీసుకోండి. టెర్మినల్స్ బయటికి తెరుచుకుని ఉండే ల్యాబు నమూనా అయితే దాన్ని పెట్టెలో అమర్పించి, మూడు పిన్నుల సాకెట్, ఫ్యూజు పెట్టించాలి. దీన్లో ఉన్నది ఒకే కాయిల్, కాబట్టి ఇది మెయిన్స్ నుంచి మనల్ని వేరుచేయదు. గిటారు తీగలు యాంప్ చాసిస్‌కు కలిసి ఉంటాయి కనుక ఎర్త్ వైరు సాకెట్ నుంచి యాంప్ దాకా తెగకుండా ఉండి తీరాలి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఈ ప్రయోగమే వద్దు.

ఫ్యాను రెగ్యులేటరు, లైట్ డిమ్మర్ ఈ పనికి పనికిరావు. అవి తరంగాన్ని ముక్కలు చేస్తాయి, లేదా కెపాసిటర్ అడ్డుపెట్టి కరెంటును తగ్గిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వాటితో వేడెక్కుతుంది. స్టెబిలైజర్ ఉంటే దాన్ని డిమ్మర్‌స్టాట్‌కు ముందు పెట్టుకోవచ్చు. తర్వాత పెడితే మీరు తగ్గించినదాన్ని అది పెంచేస్తుంది.

ఎడ్డీ చెప్పిన 90 వోల్టులు అమెరికా మెయిన్స్ 120లో మూడు వంతులు. మన 230 వోల్టుల మీద అదే నిష్పత్తి సుమారు 172. ఆ అంకెకు ఒక్కసారిగా దూకకుండా ఇలా వెళ్లండి. డయల్ అంకెను నమ్మకుండా, మల్టీమీటరుతో అవుట్‌పుట్ కొలుస్తూ మొదట 207 దగ్గర ఆగండి. అమెరికాలో ఉన్నవారికి ఇది 108. పది నిమిషాలు వాయించండి. పై స్థాయిల అంచు కొద్దిగా గుండ్రబడుతుంది, మీటు దెబ్బకు వచ్చే ప్రతిస్పందన కొంత మెత్తబడుతుంది. తర్వాత 190 దగ్గర, ఆ తర్వాత 172 దగ్గర ఆగి వినండి.

వినవలసినది శబ్దం ఎంత తగ్గిందని కాదు. వోల్టేజీ మూడు వంతులైతే శక్తి దాని వర్గం లెక్కన 56 శాతానికి వస్తుంది. చెవికి అది 2.5 డెసిబెల్స్ తేడా మాత్రమే. పక్కింటివారు గమనించేటంత మార్పు కాదది. వేరియాక్ శబ్దాన్ని తగ్గించే సాధనమన్న నమ్మకం విస్తృతంగా ఉంది గాని, ఈ లెక్క ముందు అది నిలవదు. మారేది ప్రవర్తన. సూపర్ లీడ్‌లో రెక్టిఫయర్ ట్యూబు ఉండదు, డయోడ్లు ఉంటాయి కాబట్టి స్వతహాగా అది బిగువైన యాంప్. వోల్టేజీ తగ్గించినప్పుడు పవర్ ట్యూబులు డిస్టార్షన్ లేకుండా పనిచేయగల జాగా తగ్గి, గట్టి కార్డుకు అవి ముందుగానే నిండిపోతాయి. బోరు మోటారు ఆన్ చేసిన క్షణంలో ఇంట్లో బల్బు మసకబారి మళ్లీ తేరుకున్నట్లు, కార్డు పడ్డ క్షణంలో సప్లై వోల్టేజీ దిగి తిరిగి లేస్తుంది. మొదట్లో చెప్పుకున్న ఆ అణిగి ఉబికే గుణం ఇక్కడ ముదురుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవవలసిన భాగం. డిమ్మర్‌స్టాట్ తగ్గించినప్పుడు ప్లేటు వోల్టేజీతోపాటు బయాస్ వోల్టేజీ, హీటరు వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. 172 దగ్గర ప్లేటు సుమారు 352 వోల్టులకు దిగుతుంది. ట్యూబు కరెంటు వోల్టేజీకి ఒకటిన్నర ఘాతం లెక్కన తగ్గుతుంది కనుక 37 మిల్లీ ఆంపియర్లు దాదాపు 24 అవుతాయి. ఇది చూసి కొందరు ఆ తక్కువ వోల్టేజీలో 17.5 వాట్లు వచ్చేలా బయాస్‌ను 50 మిల్లీ ఆంపియర్లకు పెంచుతారు. నాదం నిండుగా మారుతుంది, నిజమే. కాని ఆ అమరికతో ఎవరైనా యాంప్‌ను పొరపాటున నేరుగా 230 సాకెట్‌కు కలిపితే కరెంటు 77 మిల్లీ ఆంపియర్ల దాకా, ప్లేటు వేడి 36 వాట్ల దాకా వెళ్తుంది. 25 వాట్ల ట్యూబు నిమిషాల్లో ఎర్రబారుతుంది. నా సలహా, పూర్తి వోల్టేజీకి పెట్టిన బయాస్‌ను కదపకుండా ఉంచడమే. కదిపి తీరాలనుకునేవారు యాంప్ పవర్ కేబుల్‌కే ‘172 వోల్టులు మాత్రమే’ అని రాసిన చీటీ కట్టాలి.

హీటరు సంగతి ఇంకా సున్నితమైనది. హీటరుకు కావలసినది 6.3 వోల్టులు, పది శాతం హెచ్చుతగ్గులను సాధారణంగా భరిస్తుంది. 207 వోల్టుల దగ్గర అది 5.7కు వస్తుంది, అక్కడి వరకు చింత లేదు. 172 దగ్గర 4.7 మాత్రమే. క్యాథోడ్ చాలినంత వేడెక్కని స్థితిలో గంటల తరబడి పూర్తి సంకేతం మోపితే దాని ఉద్గార శక్తి తరుగుతుంది, ట్యూబు జీవితం కుదించుకుపోతుంది. రోజూ వాయించేవారు 207 నుంచి 200 మధ్య ఉండిపోవడం నాకు సబబుగా తోస్తుంది. రికార్డింగ్ రోజున 172కు దిగవచ్చు. దీనికి మరో దారి కూడా ఉంది. హీటరును, బయాస్‌ను తగిన విధంగా నిలిపి, ప్లేటు వోల్టేజీని మాత్రమే తగ్గించే వీవీఆర్ సర్క్యూట్‌ను టెక్నీషియన్ చేత యాంప్‌లో పెట్టించుకోవచ్చు. పాత ప్లెక్సీకి మాత్రం దాని కోసం రంధ్రాలు వేయించకండి.

ఏడవ మెట్టు: ఇంట్లో వాయించేవారికి లోడ్

అసలైన శబ్దాన్ని తగ్గించవలసింది లోడ్‌తో. యాంప్ అవుట్‌పుట్‌ను రియాక్టివ్ లోడ్ బాక్స్‌కు కలిపి, అక్కడి లైన్ అవుట్‌ను కంప్యూటర్‌లోకి తీసుకుని, గ్రీన్‌బ్యాక్ క్యాబినెట్ ఐఆర్ ఫైల్ (ఆ క్యాబినెట్ నాద స్వభావాన్ని నమోదు చేసిన ఫైల్) జోడిస్తే అర్ధరాత్రి కూడా పూర్తి వాల్యూమ్‌లో పనిచేయవచ్చు. రియాక్టివ్ అన్న మాట ముఖ్యం. నిజమైన స్పీకరు నిరోధం అన్ని స్థాయిల్లోనూ ఒకేలా ఉండదు; దాని అనునాద స్థాయి దగ్గరా, పై స్థాయిల్లోనూ బాగా పెరుగుతుంది. పవర్ ట్యూబులు ఆ హెచ్చుతగ్గులకు స్పందించి నాదాన్ని మలుస్తాయి. సాధారణ రెసిస్టర్ లోడ్ మీద ఆ వంపు ఉండదు, అందుకే నాదం చదునుగా, ప్రాణం లేనట్లు వినిపిస్తుంది. లోడ్ బాక్స్ వాట్ల సామర్థ్యం యాంప్ పేరు మీదున్న వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి.

ఎనిమిదవ మెట్టు: ఎఫెక్టులు, రికార్డింగ్

ఇక్కడ తక్కువే మంచిది. ఎడ్డీ వాడిన వాటిలో ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90, ఎంఎక్స్‌ఆర్ ఫ్లాంజర్, టేపుతో నడిచే ఎకోప్లెక్స్ ముఖ్యమైనవి. ఇవన్నీ గిటారుకూ యాంప్ ఇన్‌పుట్‌కూ మధ్యనే ఉండేవి. సూపర్ లీడ్‌కు ఎఫెక్ట్స్ లూప్ లేదు. ఫేజ్ 90కి ఒకే నాబ్ ఉంటుంది. దాన్ని బాగా నెమ్మదిగా, ఎనిమిది గంటల ముల్లు స్థానానికి కాస్త పైన ఉంచి, సోలో వాక్యాల్లో మాత్రమే తొక్కండి. ఎకో ఉంటే దాని శబ్దం అసలు స్వరానికి బాగా కింద ఉండాలి. ఎకోప్లెక్స్ ముందు భాగంలోని ప్రీయాంప్ నాదానికి కొంచెం బలాన్ని, మెరుపును ఇచ్చేది. ఆ ప్రీయాంప్‌ను అనుకరించే చిన్న పెడల్‌లు దొరుకుతాయి. వాడితే అతి తక్కువ బూస్ట్‌తో వాడండి.

రికార్డు చేసేటప్పుడు ఎస్‌ఎం57 వంటి డైనమిక్ మైకును కోన్ మధ్య బుడిపెకూ అంచుకూ నడుమ, గుడ్డకు రెండు వేళ్ల దూరంలో ఉంచండి. మధ్యకు జరిపితే పదును, అంచుకు జరిపితే మెత్తదనం పెరుగుతాయి. ఈక్వలైజర్ ముట్టుకునే ముందు మైకును ఒక్కొక్క అంగుళం జరిపి చూడండి. ఒకే ట్రాక్ వాయించండి, డబుల్ చేయవద్దు. ఆ ఆల్బమ్‌లో గిటారు ఎక్కువగా ఒక్కటే. దాన్ని పూర్తిగా ఎడమకు కాకపోయినా మూడు వంతులు ఎడమకు పెట్టి, రెవర్బ్‌ను వేరే చానెల్‌లో నూరు శాతం తడి నాదంగా (అసలు నాదం కలవకుండా రెవర్బ్ మాత్రమే) తీసుకుని కుడికి పంపండి. రెవర్బ్‌కు ఎకో చాంబర్ తరహా ప్రీసెట్ ఎంచుకుని, పొడవును రెండు సెకన్ల లోపు ఉంచి, దాని కింది స్థాయిలను తగ్గించండి. ఇప్పుడు మొదటి మెట్టులో చేసినట్లే కుడి హెడ్‌ఫోన్ తీసి, ఎడమ నాదాన్ని ఆల్బమ్‌తో పోల్చి, తేడాను డిస్టార్షన్‌లో కాక మధ్య స్థాయిల్లో వెతకండి.

వాయించడం ముగిశాక గిటారు వాల్యూమ్ సున్నా చేసి, యాంప్‌ను స్టాండ్‌బైలో పెట్టి, తర్వాత పవర్ ఆపండి. ఆ పైన డిమ్మర్‌స్టాట్‌ను సున్నాకు తిప్పి, ప్లగ్గు తీసేయండి. మళ్లీ వాయించే రోజున యాంప్‌ను తగిలించకముందే డిమ్మర్‌స్టాట్‌ను ఆన్ చేసి, మల్టీమీటరుతో కొలుస్తూ కావలసిన అంకెకు తెచ్చి, డయల్‌ను టేపుతో బిగించి, దాన్ని ఆపాకే యాంప్ ప్లగ్గు పెట్టండి. సాయంత్రం వేళ మెయిన్స్ ఎత్తుపల్లాలుగా ఉండే ప్రాంతాల్లో ఈ కొలతను మధ్యలో మరోసారి తీసుకోవాలి.